అవ్వ గొంతుకు రెండు వైర్లు

పోయిన నెల ఖాజా ఫోన్ చేసి శామీర్‌పేటకు రమ్మన్నాడు. వాళ్ల నాన్న బతికున్నన్నాళ్లూ నడిపిన టెంట్ హౌస్‌ను తీసేస్తున్నారు. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, మైకుసెట్లు ఎవరెవరో పట్టుకుపోగా, ఎవరికీ పనికిరానివన్నీ గోదాములో ఒక మూల కుప్పగా పడి ఉన్నాయి. ఖాజా టీ తెప్పించాడు. ఇద్దరికీ నడినెత్తి మీద జుట్టు ఒకే తీరుగా పలచబడిందని ఎగతాళి చేశాడు. తర్వాత ఒక గోనెసంచి విప్పి, "గిది నీదా నాదా యాదికొస్త లేదు గని, పారేయబుద్ధి గాలె మియా" అంటూ ఒక బూడిదరంగు డబ్బా నా ఒళ్లో పెట్టాడు. అన్నం పళ్లెమంత ఉంటుంది. పైన నాలుగు వరసల్లో పదహారు రబ్బరు మీటలు, ఒక చిన్న తెర, గుండ్రంగా తిప్పే గుండీ ఒకటి. రెండు మీటలను ఎలుకలు కొరికేశాయి. టీ చల్లారిపోయేదాకా నేను దాన్ని అలా పట్టుకునే కూర్చున్నాను.

మచ్చ బొల్లారంలోని మా ఇంటికి తెచ్చాక మా అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి ఏమిటిదని అడిగింది. సాంప్లర్ అని చెప్పాను. తలుపు కొట్టిన చప్పుడైనా, మనిషి గొంతయినా, దేన్నయినా దీనికి వినిపిస్తే పట్టి ఉంచుకుంటుంది. తర్వాత మీట మీద వేలితో కొడితే అదే చప్పుడు పలుకుతుంది, ఎన్నిసార్లు కొడితే అన్నిసార్లు. "మరి ఇప్పుడు దీంట్లో ఏమున్నయ్ నాన్నా?" అంది. ఏమీ లేవు, కార్డులో దాచకుండా కరెంటు తీసేస్తే అన్నీ మరిచిపోతుంది అన్నాను. "వేస్ట్" అని పెదవి విరిచి వెళ్లిపోయింది. నేను దాన్ని అటక మీద పెట్టబోయి పెట్టలేకపోయాను. ఈ డబ్బా పట్టుకునే నేను మా అవ్వ దగ్గర నుంచి ఒకటి తీసుకున్నాను. మళ్లీ ఇవ్వలేకపోయాను. తీసుకున్నది ఆమె ఏడుపు. ఇన్నేళ్లలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి నోరు రాలేదు.

అప్పుడు మేం మేడ్చల్‌లో ఉండేవాళ్లం, హైవేకు రెండు సందుల లోపల, రేకుల ఇంట్లో. ముందుగదే నాయిన షాపు. కాలిపోయిన బోరు మోటార్లను విప్పి, మాడిన తీగ పీకేసి, కొత్త రాగి తీగ చుట్టేవాడు. చుట్టినదానికి వార్నిష్ పోసి పెద్ద బల్బు వేడికి ఆరబెడితే ఆ ఘాటు మా బట్టల్లో, దుప్పట్లలో, చివరకు చారులో కూడా ఉండేది. ఇతరుల ఇళ్లలో అన్నం తింటే ఏదో తక్కువైనట్టు ఉండేది నాకు. ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు, వచ్చినా నిలకడగా ఉండేది కాదు. ఎండాకాలం వచ్చిందంటే చుట్టుపక్కల పొలాల మోటార్లన్నీ మా గుమ్మం ముందే వరస కట్టేవి. "కరెంటు ఖరాబైతేనే మనకు బువ్వరా" అని నవ్వేవాడు నాయిన. అమ్మ పొద్దున్నే మందుల కంపెనీ బస్సెక్కి సాయంత్రం దిగేది. నేను దుండిగల్ వైపు ఒక కాలేజీలో పేరుకు ఇంజనీరింగు చదువుతూ, చదువు తప్ప అన్నీ చేస్తూ తిరిగేవాణ్ణి. పగలంతా ఇంటిని కనిపెట్టుకుని ఉండేది అవ్వ, నాయిన వాళ్ల అమ్మ.

అవ్వ సంగతి చెప్పాలంటే ముందు ఆమె చేసే పని గురించి చెప్పాలి. మా వాడలో ఎవరైనా చనిపోతే శోకం మొదలుపెట్టేది ఆమె. కూలి తీసుకుని ఏడ్చే మనిషి కాదు, ఆ మాటంటే చెంప పగలగొట్టేది. అది ఆమెకు వాడ ఇచ్చిన పెద్దరికం. ఎవరో ఒక ఆడమనిషి వచ్చి గడప అవతల నిలబడి "అవ్వా, జర రావే" అనేది. అంతే, అవ్వకు అర్థమైపోయేది. చేస్తున్న పని అక్కడే వదిలి, ముఖం కడుక్కుని, కొంగు నెత్తిన కప్పుకుని నడిచేది. దారి పొడుగునా వచ్చిన మనిషిని అడుగుతూనే ఉండేది. ఆఖరుకు ఏం తిన్నడు? ఏ బిడ్డ మీద మస్తు పానం? ఎవలతోని మాటల్లేవు? ఇల్లు కట్టుకుంటానన్నడు, కట్టిండా? అక్కడికి వెళ్లేసరికి ఆమె దగ్గర అన్నీ ఉండేవి. శవం మోకాలి మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, రాగం ఎత్తుకునేది. తిన్న ముద్ద దగ్గర నుంచి కట్టని ఇంటిదాకా అంతా అందులో వచ్చేది. అప్పటిదాకా రాయిలా కూర్చున్న భార్య ఆ రాగం వినగానే కూలబడి ఏడ్చేది. మాటల్లేని అన్నదమ్ములు ఒకరినొకరు పట్టుకునేవాళ్లు. ఏడ్చి ఏడ్చి అందరూ తేలికపడ్డాక అవ్వ లేచి, ఇంటికొచ్చి, స్నానం చేసి, వదిలిన చోటి నుంచి పని అందుకునేది. "ఏడుపు లోపలుంటె మనిషికి పురుగు పడ్తది" అనేది.

అవి వాడకు సంబంధించిన శోకాలు. ఆమెకు సొంత శోకం ఇంకొకటి ఉండేది. నేను పుట్టకముందే పోయిన మా మేనత్త యాదమ్మ మీద. పందొమ్మిదేళ్ల పిల్ల, కట్టెలకు పోయి, పొద్దుగూకినా రాక, రాత్రికి జ్వరంతో తిరిగొచ్చి మూడోనాటికి లేదు. ఇంట్లో ఆమె ఫోటో కూడా లేదు. ఎండాకాలంలో అవ్వ పెరట్లో చింతపండు ముందేసుకుని, చిన్న సుత్తితో కొట్టి గింజ తీస్తూ, ఎవరూ లేరనుకున్నప్పుడు ఆ శోకం పాడుకునేది. పాడుతూ కూతురికి ఆనాడు జరిగినవన్నీ చెప్పేది.

"పొద్దు గూకె బిడ్డా, మోపు రాకపాయె
ఎదురొత్తునంటె కాళ్లు లేవకపాయె
నా తల్లి యాదమ్మా, నువు రాకపోతివి బిడ్డో…"

ఆ 'బిడ్డో' దగ్గర గొంతు పైకి పోయి, అక్కడ చిన్న పగులు వచ్చి, కిందికి జారేది. ఎన్నిసార్లు పాడినా ఆ పగులు అక్కడే వచ్చేది. మిగతా పాట నాకిప్పుడు గుర్తులేదు. ఇంతమాత్రం ఎందుకు గుర్తుందో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

ఖాజా నా కాలేజీ దోస్తు. చదువు మధ్యలో మానేసి పెళ్లి బ్యాండులో ప్యాడ్లు కొట్టేవాడు. బ్యాండు వాళ్లు కొత్త సామాను తెచ్చుకుని ఈ సాంప్లర్‌ను మూలకు నెడితే, అడిగి మా ఇంటికి పట్టుకొచ్చాడు, ఎందుకంటే కంప్యూటర్ ఉన్నది మా ఇంట్లో. నాయిన షాపు వెనక చిన్న కొట్టులో, పాత మోటారు డొక్కుల మధ్య దాన్ని పెట్టుకున్నాం. అప్పట్లో మాలాంటి వాళ్లందరికీ ఒకటే పిచ్చి, డీజే పాటలు. తీన్మార్ దరువు మీద ఏదో ఒక గొంతు ముక్క అతికించి, ముందు మన పేరు గట్టిగా చెప్పుకుని, బస్టాండు దగ్గర సెల్ షాపులో ఇస్తే వాళ్లు దాన్ని అందరి మెమరీ కార్డుల్లో నింపేవాళ్లు. మన పేరు ఊరంతా తిరిగేది. మాకు కావలసింది అదే.

సాంప్లర్‌ను కంప్యూటర్‌కు కలపడమే మాకు నెల రోజుల చదువైంది. చూడబోతే రెండే వైర్లు. ఒకటి కంప్యూటర్ నుంచి చప్పుడును సాంప్లర్‌లోకి తీసుకుపోతుంది, ఒకటి సాంప్లర్‌లో నుంచి కంప్యూటర్‌లోకి తెస్తుంది. సాంప్లర్‌కేమో లావుపాటి పిన్ను, కంప్యూటర్ వెనకేమో సన్న రంధ్రాలు, పచ్చది, నీలం, గులాబీ. ఖాజా రెండు పిన్నులూ కోసి, తీగలు కలిపి, సొంతంగా టంకం పెట్టాడు. మొదట తెలియక గులాబీ రంధ్రంలో పెట్టాం, అది మైకుది. దరువు పగిలిన కుండలా వినిపించింది. నీలం దాంట్లో పెడితే దారికొచ్చింది. తర్వాత రెండు వైర్లూ ఒకేసారి పెడితే, లోపలికి పోయిన చప్పుడు బయటికి వచ్చి, మళ్లీ లోపలికే పోయి, చెవులు చిల్లులు పడేలా ఊళ పెట్టింది. షాపులో ఉన్న నాయిన చేతిలో స్క్రూడ్రైవర్ పారేసి పరుగెత్తుకొచ్చాడు, ఎవరికో షాకు కొట్టిందనుకుని.

అన్నీ సరిచేశాక కూడా వెనక 'జుమ్మ్' అని ఒక మోత పోలేదు. వైరు మార్చాం, జాగా మార్చాం, సాంప్లర్ కింద దుప్పటి పరిచాం. చివరకు నాయినే వచ్చి సీపీయూ డబ్బాను వేలి వెనకతో ముట్టుకుని, జివ్వుమంటే నవ్వాడు. గోడకున్న సాకెట్‌కు రెండే రంధ్రాలని, ప్లగ్గుకున్న మూడో లావు పిన్నును నేనే ఎప్పుడో కోసేశాను. "ఇంజనీరు సాబ్, ఇంటికి ఎర్తే లేదు, కరెంటు యాడికి పోవాలె? నీ పాటలకే వస్తది" అన్నాడు. ఆ ఆదివారం తనే పలుగు పట్టి పెరటి గోడ పక్కన గుంత తవ్వాడు. ఇనుప పైపు దింపి, ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు పోసి పూడ్చి, అక్కడి నుంచి కొట్టులోకి తీగ లాగాడు. మోత ఠక్కున ఆగింది. గుంత ఎండితే మళ్లీ వస్తుంది, రోజూ తడపాలె అన్నాడు. ఆ పని ఎవరూ చెప్పకుండానే అవ్వ తన మీద వేసుకుంది. పొద్దున్నే మొక్కలకు పోసినట్టే దానికీ రెండు చెంబుల నీళ్లు పోసి, "ఇగ సప్పుడు రాదులే బిడ్డా" అని కొట్టులోకి తొంగి చూసి చెప్పేది.

అవ్వ శోకాన్ని రికార్డు చేయాలని మొదట అనుకున్నప్పుడు నా మనసులో ఏ చెడూ లేదు. ఈ మాట నన్ను నేను కాపాడుకోవడానికి చెప్పడం లేదు. ఆమె గొంతు దాచాలనే అనుకున్నాను. ఉద్యమం జోరు మీదున్న రోజులవి, ఎప్పుడు చూసినా బంద్. అందరికీ బంద్ అంటే ఉద్యమం, మాకు మాత్రం రికార్డింగు రోజు కూడా. హైవే మీద లారీ ఉండదు, హారన్ ఉండదు. అలాంటి ఒక పగలు, కరెంటు ఉన్న గంటలో, ఖాజా వాళ్ల నాన్న టెంట్ హౌస్‌లోని మైకు ఒకటి తెచ్చి చింతపండు కుప్ప పక్కన పీట మీద పెట్టాం. అవ్వ దాన్ని చూసి సుత్తి ఆపింది.

"ఏంది బిడ్డా గది?"

"నీ గొంతు దాసిపెడ్త అవ్వా. యాదమ్మత్త పాట పాడవా?"

ఆమె చేతికంటిన చింతపండు గుజ్జును కొంగుకు తుడుచుకుంది.

"ఎవలన్న ఇంటరా?"

"ఎవలు ఇనరు. కంప్యూటర్ల దాసుడే."

"దాసిపెట్టు మల్ల. నేను పోయినంక నా బిడ్డను యాజ్జేసుకునేటోల్లు ఎవలున్నరు? ఫోటువన్న లేకపాయె దానికి."

సరిగ్గా మొదలుపెట్టే వేళకు దుండిగల్ నుంచి శిక్షణ విమానం ఒకటి నెత్తి మీదికొచ్చి గిరికీలు కొట్టింది. "ఆ పొట్టి ఇమానం పోనియ్, అప్పుడేడుస్త" అని అవ్వ నవ్వింది, ఖాజా పడీపడీ నవ్వాడు. విమానం వెళ్లిపోయింది. ఆమె పాడింది. ముప్పావుగంట పాడింది. గింజ తీస్తూనే, తల ఎత్తకుండా. యాదమ్మత్త పుట్టుక, నడక, ఇష్టపడిన గాజులు, తిన్న తిట్లు, కట్టెల మోపు, జ్వరం, అన్నీ వచ్చాయి. ఖాజా చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. అయిపోయాక అవ్వ మైకు వైపు చూసి, "పోయిందా లోపటికి?" అని అడిగింది. పోయిందన్నాను. ఆ రోజు ఇచ్చిన మాట ప్రకారం నడుచుకుని ఉంటే ఇదంతా రాసే అవసరమే ఉండేది కాదు.

కొన్ని వారాలకు ఒక దరువు కుదిరింది. దాని మీద పెట్టడానికి గొంతు దొరకడం లేదు. ఉన్న సినిమా ముక్కలన్నీ అందరూ వాడేసినవే. నాకు అవ్వ 'బిడ్డో' గుర్తొచ్చింది. ఆ పైకి పోయే రాగం, ఆ పగులు. కంప్యూటర్‌లో ఆ చోటు వెతికి, ఒక వైరు గుండా సాంప్లర్‌లోకి పంపించాను. రెండు సెకన్లు. తొమ్మిదో మీట మీద కూర్చోబెట్టాను. కొట్టాను. 'బిడ్డో.' వెంటవెంటనే కొట్టాను. 'బి-బి-బిడ్డో, బి-బి-బిడ్డో.' ఒళ్లు జలదరించింది. సంతోషంతోనే జలదరించింది, అబద్ధం ఎందుకు. ఆ గదిలో ఆ నిమిషాన అది అవ్వ కాదు, యాదమ్మత్త కాదు, ఎవరి దగ్గరా లేని ఒక మంచి చప్పుడు. ఖాజా మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అవ్వకు చెప్పినవారా?"

"చెప్తలే."

"పహలే పూఛ్ మియా, ముందుగాల అడుగు. గది మయ్యత్ కాడి ఏడుపు, సచ్చినోల్ల మీదిది, దాని మీద ఎగురుతరా?"

"రెండు సెకండ్లకు ఎవలు గుర్తుపడ్తర్రా?" అన్నాను. పాట ముందు నా పేరు నేనే చదివి, ప్రతిధ్వని పెట్టాను. 'డీజే శీనూ… మేడ్చల్!' తర్వాత రెండో వైరు గుండా మొత్తం కంప్యూటర్‌లోకి దింపి, మర్నాడు సెల్ షాపులో ఇచ్చి వచ్చాను. వారం తిరక్కుండా షేర్ ఆటోల్లో మోగింది. బౌరంపేట్‌లో ఒక పుట్టినరోజు ఫంక్షన్‌లో విన్నానని కాలేజీలో ఒకడు వచ్చి చెయ్యి కలిపాడు. నేల మీద నడవలేదు నేను. అవ్వకు రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఉన్నాను.

మా సందులోనే తాపీమేస్త్రీ కొడుకు పెళ్లయింది. పొద్దు ఉండగానే పెళ్లికొడుకు ఊరేగింపు మా ఇంటి ముందుకు వచ్చింది. వ్యాను మీద స్పీకరు డబ్బాలన్నీ పేర్చి, నేల అదిరేట్టు పాటలు. అవ్వ చెయ్యి కడుక్కుని వచ్చి గడప మెట్టు మీద నిలబడింది. నేను ఆమె వెనకే ఉన్నాను. ముందు నా పేరు వచ్చింది. 'డీజే శీనూ… మేడ్చల్!' అవ్వ ముఖం వెలిగిపోయింది. పక్కింటామె మోచెయ్యి పట్టుకుని, "ఇంటున్నవా, మా శీనుగాని పేరు సదువుతున్నరు!" అంది. అంత గర్వంగా ఆమె నా గురించి ఎవరికీ చెప్పడం నేను వినలేదు. ఆ వెంటనే దరువు పడింది. దరువు మీద ఆమె గొంతు పడింది. 'బి-బి-బిడ్డో.' పిల్లలంతా చేతులు పైకెత్తి దానికే ఎదురుచూస్తున్నట్టు ఎగిరారు. ఒకడు రెండు పిడికిళ్లతో కళ్లు నలుపుకుంటూ ఏడుస్తున్నట్టు నటిస్తూ ఆడాడు, అందరూ వాణ్ణి చూసి అలాగే ఆడారు. పక్కింటామె నవ్వుతూ ఉండి, అవ్వ చెయ్యి తన మోచేతి మీద నుంచి జారిపోవడం చూసి నవ్వు ఆపింది.

ఆమె అరవలేదు. లోపలికి వచ్చి, చింతపండు దగ్గర కూర్చుని, నన్ను పిలిచింది.

"ఎగురుతున్నరు గదా బిడ్డా, ఆ పోరగాండ్లకు తెల్సా, అది యాదమ్మ అని?"

"తెల్వదవ్వా."

"నీకు తెల్సు గద."

నేను తల వంచుకున్నాను. అవ్వ సుత్తి అందుకుంటూ, "తీసెయ్ బిడ్డా" అంది. అంతే అంది. నేను కొట్టులోకి వెళ్లి, ఏడుస్తూ, కంప్యూటర్‌లో అవ్వ పేరున ఉన్నవన్నీ తీసేశాను. డీజే పాట తీసేశాను. ముక్కలు తీసేశాను. ఆ ముప్పావుగంట పాట కూడా తీసేశాను. సాంప్లర్ ప్లగ్గు గోడలో నుంచి పీకేశాను, దాంట్లో ఏమైనా మిగిలి ఉంటే అదీ పోయింది. పెద్ద ప్రాయశ్చిత్తం చేసుకున్నాననుకున్నాను. మర్నాడు ఖాజా వచ్చి విని నెత్తి పట్టుకున్నాడు. "బైటికి పోయినదాన్ని నువ్వు తేలేవు. లోపలున్న అసలుదాన్ని ఎందుకు పోగొట్టినవ్‌రా పాగల్?" నాకప్పుడు తెలిసింది నేనేం చేశానో. దాస్తానన్నది పోయింది. దాచకూడనిది ఊరూరా తిరుగుతోంది. సెల్ షాపుకు పరుగెత్తి తీసేయమంటే అతను నవ్వి, "నా కాడ తీసేస్త, మందికి ఎక్కించినవి ఎట్ల తియ్యాలె తమ్మీ?" అన్నాడు. నాయినకు ఖాజాయే చెప్పినట్టున్నాడు. నాయిన నన్ను తిట్టలేదు, కొట్టలేదు. తీగ చుడుతూ తల ఎత్తకుండా, "కాలిన మోటరైతె నేను సుట్టిస్త. గిది నాతోని గాదురా" అన్నాడు.

అవ్వ నాతో మాట్లాడటం మానలేదు, అదే నన్ను చంపింది. అన్నం పెట్టేది, కాలేజీకి ఆలస్యమైతే తిట్టేది, గుంతలో నీళ్లు పోసేది. పోయకవ్వా, ఇగ అవసరం లేదు అంటే, "మీ నాయిన తవ్వింది, ఎండద్దు" అనేది. కానీ ఆ ఏడు చింతపండు నిశ్శబ్దంగా కొట్టింది. సుత్తి చప్పుడు ఒక్కటే వినిపించేది. యాదమ్మత్త పేరు మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కొన్నాళ్లకు వాడలో ఒక ముసలాయన పోతే ఎప్పటిలాగే ఒకామె గడప అవతల నిలబడి "అవ్వా, జర రావే" అంది. అవ్వ వెళ్లింది. దారిలో ఏమీ అడగలేదట. వెళ్లి ఒక మూల కూర్చుందట. వేరే ఎవరో రాగం ఎత్తుకున్నారు, కుదరలేదని ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. తర్వాత్తర్వాత పిలవడానికి ఎవరూ రాలేదు. నేను ఉద్యోగం వెతుక్కున్నాను. కొట్టు మళ్లీ మోటారు డొక్కులతో నిండింది. ఖాజా సాంప్లర్‌ను గోనెసంచిలో చుట్టి తీసుకుపోయాడు.

ఇప్పుడు మా అపార్టుమెంటులో ఎవరైనా పోతే అద్దాల పెట్టె వస్తుంది, అది కరెంటుతో గుర్రుమంటూ ఉంటుంది. పక్కన చిన్న స్పీకర్లో ఏవో భజనలు పెడతారు. అందరూ చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, ఒక్క నిమిషం నిలబడి, లిఫ్టు కోసం వరస కడతారు. పోయిన మనిషి ఆఖరుకు ఏం తిన్నాడో ఎవరూ అడగరు. ఎవరికీ గట్టిగా ఏడవడం రాదు, వచ్చినా పక్క ఫ్లాటు వాళ్లు ఏమనుకుంటారోనని అణచుకుంటారు. ఈ మార్పుకు నేనే కారణమని చెప్పుకునేంత పిచ్చివాణ్ణి కాను. కాలం ఎటూ మారేదే. అయితే మా వాడలో మాత్రం అది కాలం తెచ్చింది కాదు, నేను తెచ్చింది. ఆ పాట ఇంకా బతికే ఉంది. కొత్త దరువుతో, ఎవరి పేరో ముందు పెట్టుకుని, మొన్నమొన్న కూడా ఒక పెళ్లిలో విన్నాను. నేను తింటున్న పళ్లెం వదిలేసి బయటికి వచ్చేశాను.

తెలంగాణ వచ్చిన ఏడే నాయిన పోయాడు. పొద్దున షాపు తలుపు తీసి, మోటారు ముందు కూర్చుని, అలాగే పక్కకు ఒరిగాడు. యాభై నాలుగేళ్లు. అరుగు మీద పడుకోబెట్టాం. సందంతా నిండిపోయింది. అమ్మ గోడకు ఆనుకుని, కళ్లు తెరిచి, ఒక్క చుక్క రాకుండా కూర్చుంది. ఆడవాళ్లంతా అవ్వ వైపు చూస్తున్నారు. ఎంత మానేసినా కన్నకొడుకు మీద ఎత్తుకోకుండా ఉంటుందా అని. అవ్వ వచ్చి నాయిన పక్కన కూర్చుని, ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. అందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఆమె ఊపిరి తీసుకోవడం నాకు వినిపించింది. అప్పుడు ఆమె తల ఎత్తి చుట్టూ నిలబడినవాళ్ల చేతుల్లోకి చూసింది. ఒకరిద్దరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. రాలేని చుట్టాలకు చూపించడానికి తీస్తున్నారేమో, అందులో తప్పేమీ లేదు. ఆమె ఊపిరి మెల్లగా వదిలేసింది.

"ఏడువవే అవ్వా, కోడలును సూడు, గుండె పగులుతది" అన్నారు ఎవరో. నేను ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. అమ్మను చూపించాను. "నీ కాళ్లు మొక్కుతనవ్వా, ఏడు. ఎవలు తీస్కోరు. ఫోన్లన్ని బందు పెట్టిస్త" అన్నాను. ఆమె రెండో చేత్తో నా చెంప తుడిచింది. కోపం లేదు ఆ చేతిలో. వంగి, నాకొక్కడికే వినపడేట్టు చెప్పింది.

"నా కొడుకు పాట మొత్తం నా కాడ ఉన్నది బిడ్డా. కడుపులనే ఉండనీ. బైటికొస్తె మల్ల ఎవలో ఎగురుతరు."

నాలుగు భుజాల మీద నాయినను లేపారు. బాటలో పేలాలు చల్లినవాడి అడుగుల చప్పుడు వినిపించింది, అంత నిశ్శబ్దంగా ఉంది సందు. అమ్మ ఆ రోజు ఏడవలేదు, తర్వాత ఏడాదిపాటు ఏడవలేకపోయింది. మా వాడ నుంచి శోకం లేకుండా వెళ్లిన మొదటి మనిషి మా నాయిన.